ముప్పై ఎనిమిది నిమిషాలు

కంప్యూటరు తెర మీద పని ఎంతవరకొచ్చిందో చూపే పచ్చగీత మళ్లీ కదలడం మానేసింది. బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి కళ్లు నులుముకున్నాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. వాళ్లు రాసిన ప్రోగ్రాములు పరీక్షల వరుస దాటితేగాని బయటికి పోవు. ఆ వరుసకు ఆయన కాపలా. ఒక పరీక్ష మొరాయిస్తే దాన్ని చంపి, అంటే మధ్యలోనే ఆపేసి, మళ్లీ మొదలుపెట్టాలి, లేదా ఓపిక పట్టాలి. పదిహేనేళ్లుగా అదే పని. “తెర చూస్తూ కూర్చుంటే జీతమిస్తారట” అని భార్య చుట్టాలకు చెప్పి నవ్విస్తుంటుంది.

ఈ మొరాయింపు ఆయనకు పాతదే. రెండు పరీక్షలు ఒకే డేటాబేసు కోసం నువ్వాగంటే నువ్వాగని భీష్మించుకుంటాయి. ముప్పై ఎనిమిది నిమిషాలకు ఒకటి విసిగి తప్పుకుంటుంది. ఆరేళ్ల కిందటే కనిపెట్టి, ఒక్కో పరీక్షకిచ్చే గడువు నలభై నిమిషాలకు పెంచి, నోరు మూసుకున్నాడు. ఎలుకలన్నీ పోయాక పిల్లికి పాలు పోసేదెవరు?

సోమవారం మేనేజరు గడువును ఇరవైకి కోసేశాడు. ఆలోగా ముగియని పరీక్షను యంత్రమే చంపేస్తుంది. అప్పట్నుంచి బిల్డు, అంటే అన్ని పరీక్షలూ దాటి బయటికి పోవాల్సిన ప్రోగ్రాముల మూట, ఒక్కటీ పూర్తికాలేదు. అదే రోజు తన మొదటి కోడు చేర్చిన కొత్తమ్మాయి మీద పడింది నింద. ఈ సాయంత్రంలోగా తప్పు పట్టుకోకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నారు.

“ఎన్నిసార్లు చూసినా నా కోడ్‌లో ఏం కనబడట్లేదు బాబాయ్.” ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

“తిన్నావా అమ్మా?”

“సయించట్లేదు.”

ఆయనకూ సయించలేదు. అన్నం డబ్బా తెరిచి, మూసేశాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఈ మోకాళ్లతో, ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారు? భయమేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. లేచి మేనేజరు గదిలోకి వెళ్లాడు.

“ఆ పిల్ల తప్పేం లేదు సార్. ఆరేళ్ల నాటి జబ్బది. నాకు తెలుసు.”

“తెలిసీ చెప్పలేదా?”

“చెప్తే నాతో పనేముంటుంది సార్?”

మేనేజరు కొత్తమ్మాయిని లోపలికి పిలిచాడు.

బాబాయ్ చూపించినట్టే కొత్తమ్మాయి ఆ రెండు పరీక్షలనూ విడదీసింది. తొమ్మిది నిమిషాల్లో బిల్డు పూర్తయింది. అందరూ ఆమె చుట్టూ మూగారు. మేనేజరు బాబాయ్‌ని పక్కకు పిలిచి, రేపట్నుంచి శ్రమ పడొద్దని మర్యాదగానే చెప్పాడు. ఆయన తలూపి, డబ్బా సంచిలో పెట్టుకుని, మెట్ల వైపు నడిచాడు.

విషయం తెలిసి కొత్తమ్మాయి పరుగున వచ్చేసరికి కుర్చీ ఖాళీ. తెర అంచుకు ఆయన దస్తూరీతో ఏళ్లనాటి చీటీ ఒకటి అంటించి ఉంది: “చంపకండి. కాస్త టైం పడుతుంది, అంతే.” టేపు అంచులు నల్లబడ్డాయిగానీ, ఆమె గోటితో గీరినా ఊడలేదు.