తలుపులు తీసుడు, మూసుడు

పది కిలోల ఉల్లిగడ్డల సంచి వంటింటి గడపలో దించి, చేతులు దులుపుకుంటూ మా ఆయన అన్నాడు: "గురువారం ఎల్బీనగర్ చౌరస్తాల వంటా వార్పు. పొద్దుగాల ఏడింటికల్ల నువ్వు ఆడ ఉండాలె. గివి రేపటికల్ల పొట్టు తీసి పెట్టు. ఇంట్ల ఉత్తగనే ఉంటున్నవ్ గద."

ఉత్తగనే! ఆ మాట అన్నప్పుడు నా కుడిచెయ్యి చింతపండు పులుసులో ఉంది. ఎడమచెయ్యి కుక్కర్ మూత మీద ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరుక్కుని ఉంది. అందులో మా ఆఫీసు యజమాని అభిరామ్ గారు సరిగ్గా అప్పుడే, "మీ ఆటలో ఊరికే తిరగడమే కదండీ, సంధ్యగారూ" అంటున్నారు. ఇద్దరు మగాళ్లు, రెండు యాసలు, ఒకటే మాట. మా నల్లగొండలో ఉత్తగ అంటే పనీపాటా లేకుండా అని. ఉత్తగ అంటే పైసా తీసుకోకుండా అని కూడా. వాళ్ల గుంటూరులో ఊరికే అన్నా అంతే. పైసా పుచ్చుకోకుండా చేసేది పనే కాదని తేల్చేసినవాళ్లే ఈ మాట పుట్టించి ఉంటారు. వాళ్లెవరో దొరికితే ఈ పది కిలోలూ వాళ్ల ముందు పోసి ఒలవమందును.

సకల జనుల సమ్మె మొదలై నాలుగు వారాలు దాటింది. సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు అయిన మా ఆయన తిరుపతి కూడా సమ్మెలో ఉన్నాడు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, బళ్లు తెరవలేదు, బొగ్గు తవ్వేవాళ్లు లేక కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. తెలంగాణ రావాలని ఆయనకు ఎంత ఉందో నాకూ అంతే ఉంది, ఈ విషయంలో నన్నెవరూ తప్పుపట్టక్కర్లేదు. పని ఆపితేనే ఆ పని విలువ తెలుస్తుందని కాలనీ టెంటులో మైకు పట్టుకుని ఆయన చెప్పినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. చాలా బాగా చెప్పాడు. ఆ టెంటులో కూర్చున్న నలభై మందికీ చాయ్ మా వంటింట్లోంచే వెళ్లింది.

వంటా వార్పు అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే వరుసల్లో కూర్చుని తినడం. దారి ఆగిపోతుంది, సర్కారుకు సెగ తగులుతుంది. హయత్‌నగర్‌లో జరిగినప్పుడు కూడా వెళ్లాను. ఆడవాళ్లం పన్నెండుమందిమి తెల్లారకముందే కూరగాయలు తరిగి, అన్నం వార్చి, పప్పు దించాక పేపరువాళ్లు వచ్చారు. మా ఆయన నా చేతిలోంచి గరిటె తీసుకుని నిలబడ్డాడు. మర్నాడు ఫోటో పడింది. అది కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన చేతిలో గరిటె నేను చూసింది ఆ ఫోటోలోనే.

ఇక ఫోన్లో మాట. అభిరామ్ గారిది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన రెండో అంతస్తులో చిన్న ఆఫీసు. కంప్యూటర్ ఆటలు తయారు చేస్తాం. ఐదుగురం. నేను బొమ్మలు గీస్తాను, ఒంటిపూట ఉద్యోగం. ఈ ఏడాది మొదట్లో ధైర్యం చేసి, నా దగ్గర ఒక ఆట ఉందని చెప్పాను. బడినుంచి ఒక పిల్ల ఇంటికొస్తుంది. అమ్మ లేదు. ఇల్లంతా తిరిగి, తలుపులు తీసి, వస్తువులు చూసి, అమ్మ ఆ రోజంతా ఏం చేసిందో, ఎందుకు వెళ్లిపోయిందో పిల్ల తెలుసుకోవాలి. తుపాకీ లేదు, గడియారం లేదు, మార్కులు లేవు. నానబోసిన బియ్యం ఉన్నాయి. సగం మడతపెట్టి వదిలేసిన బట్టలు ఉన్నాయి. అత్తగారి మందుల డబ్బా ఉంది. వంటింట్లో మూడు కంచాలు తడితడిగా బోర్లించి ఉంటాయి, నాలుగోది పొడిగా ఉంటుంది. ఆ నాలుగో కంచం గీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. దాని మీద ఆగి చూస్తే పెరటి తలుపు తెరుచుకుంటుంది. అదే ఆట ముగింపు.

ఎనిమిది నెలలు గీశాను. కింద కోచింగ్ సెంటర్ పిల్లలు ముప్పైమందిని కూర్చోబెట్టి ఆడించి, ఏమనిపించిందో కాగితాల మీద రాయించారు. వాటిని టైపు కొట్టే పని కూడా నాకే వచ్చింది. "నడవడమే, ఇంకేం లేదు." "ఎవరిని చంపాలో చెప్పలేదు." "పరుగెత్తే బటన్ ఎక్కడ?" "బొమ్మలు బాగున్నాయి, నిద్ర కూడా బాగా పట్టింది." "ఏమీ జరగదు" అని పదకొండుమంది రాశారు. ఒక అమ్మాయి మాత్రం, "ఏదో అర్థమైనట్టే ఉంది, ఏంటో చెప్పలేకపోతున్నా" అని రాసి కొట్టేసింది. టైపు కొడుతుంటే నాకు తిక్క రేగింది. ఏమీ జరగదా? ఆ బియ్యం వాటంతటవే వచ్చి నీళ్లలో పడ్డాయా? ఆ బట్టలు తీగ మీదినుంచి నడుచుకుంటూ వచ్చి మంచమెక్కాయా? ఫ్రిజ్ తలుపు తీసి, ఏం లేదని మూసేశారు ముప్పైమందీ. అందులో తోడేసిన పెరుగు ఉంది, రేపటికి వలిచిన చిక్కుడుకాయలు ఉన్నాయి. వాళ్ల దృష్టిలో అది ఖాళీ ఫ్రిజ్.

అభిరామ్ గారు చెడ్డవారేం కాదు. కంగారు మనిషి. "గురువారం పదకొండింటికి బెంగళూరు వాళ్లు చూడ్డానికి వస్తున్నారండీ. నచ్చితే వాళ్లే అమ్ముతారు. జనం కూర్చోవాలంటే మేడ గదిలో ఒక దెయ్యాన్ని పెడదాం. ఆవిడ చచ్చిపోయి దెయ్యమైందందాం. అలాక్కాదు, ఉన్నదున్నట్టే చూపించాలంటారా, మీరే వచ్చి వాళ్లకి చెప్పండి. నాకు చెప్పడం రాదు. మీరు రాకపోతే మాత్రం దెయ్యమే, ఏమీ అనుకోకండి."

ఆడది ఇల్లు విడిచి వెళ్లిందంటే చచ్చైనా ఉండాలి, దెయ్యమైనా అయి ఉండాలి. తనంతట తాను చెప్పులేసుకుని గడప దాటిందంటే అది కథే కాదు.

ఫోన్ పెట్టేసి మా ఆయనతో చెప్పాను, గురువారం నాకు ఆఫీసులో పని ఉందని.

"సమ్మెల ఆఫీసేంది? అండ్ల గా ఆంధ్రాయన ఆఫీసు. నలుగుట్ల నా ఇజ్జత్ ఏంగావాలె? రెండొందల మందికి వండాలె, మా ఆమె ఒస్తదని మాటిచ్చిన."

"నా ఆట చూస్తానికి ఒస్తున్నరు. నేను పోకుంటే దాన్ని ఖరాబ్ చేస్తరు."

"గదేం ఆట సంధ్యా? మొన్న నేను ఆడిన గద. మనిషి లేడు, తుపాకి లేదు. ఊకె తలుపులు తీసుడు, మూసుడు. పదకొండు నిమిషాలకే తలకాయ నొచ్చింది."

అది నా రోజయ్యా, నువ్వు పదకొండు నిమిషాలు కూడా ఉండలేకపోయింది నేను పద్నాలుగేళ్లుగా ఉంటున్న చోట, అందామనుకున్నాను. నోటిదాకా వచ్చిన మాటలు మింగడంలో నాకు మంచి అనుభవం ఉంది. కత్తిపీట ముందేసుకుని ఉల్లిగడ్డలు పొట్టు తీశాను. కళ్లలో నీళ్లకు కారణం చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

బుధవారం మధ్యాహ్నం కరెంటు వచ్చింది. బడి లేక విసుగెత్తిన మా అమ్మాయి సౌజన్య కంప్యూటర్లో నా ఆట పెట్టి, పక్కనే కునుకు తీస్తున్న మా అత్తమ్మ అండాలమ్మను లేపి, మౌసు చేతికిచ్చింది. "నానమ్మా, నువ్వాడు." చదువురాని మనిషి, కంప్యూటర్ ముట్టుకుంటే షాక్ కొడుతుందనే మనిషి. నేను వంటింట్లో మిగతా ఉల్లిగడ్డల ముందు కూర్చుని వింటున్నాను.

"గీ బియ్యం పొద్దుగాల నానవోసింది. గిప్పటిదాంక రుబ్బలే," అంది అత్తమ్మ. కాసేపాగి, "బట్టలు సగమే మడతవెట్టింది. నడుమల ఎవరో పిలిచిన్రు," అంది. "గీ మందులు అత్తయి. పొద్దటియి ఇచ్చింది, పగటియి ఇయ్యలే."

"ముందుకు పో నానమ్మా, స్లోగున్నవ్."

"జర ఆగరాదే. ఉరికితె ఏం కనవడ్తది? చూడనియ్యి."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగింది. ముప్పైమంది చదువుకున్నవాళ్లు పరుగెత్తే బటన్ కోసం వెతికిన ఇంట్లో, మా అత్తమ్మ ప్రతి గూడు ముందూ నిలబడుతోంది. గంట గడిచింది. ఆమె ఆట ఆడటం లేదు. ఎవరింటికో వెళ్లి, ఆ ఇంటి కోడలి పని తనిఖీ చేస్తోంది. ఆట వంటింట్లోకి వచ్చింది.

"మూడు పల్లాలు తడిగున్నయ్," అంది చివరికి. "గిది పొడిగున్నది."

"అయితే ఏంది?"

"ఈమె తినలే. అందరికి వెట్టింది. ఈమె తినకుంటనే పోయింది."

పెరటి తలుపు తెరుచుకున్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నేనే రికార్డు చేశాను, మా వెనక తలుపుదే. లేచి గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. అత్తమ్మ తల తిప్పి నా వైపు చూసింది. నన్ను చూసింది, నా వెనక వంటింటి గట్టు చూసింది, గట్టు మీద మా ఇంటి గిన్నెల స్టాండు చూసింది. అప్పటికి మూడున్నర. అందులో నా కంచం పొడిగానే ఉంది.

"సంధ్యా," అంది.

"అత్తమ్మా," అన్నాను.

"చాయ్ పెట్టు."

పెట్టాను. అలవాటు. కానీ పాలు పొంగుతుంటే అలాగే నిలబడిపోయాను. ఆ పిల్లలకు తెలియదు, అందుకే కనిపించలేదు. మా ఆయన చూడడు, అందుకే తెలియదు. ఈమెకు తెలుసు. పద్నాలుగేళ్లుగా ఆ స్టాండులో ఏ కంచం ఎప్పుడు తడుస్తుందో తెలుసు. అంతకుముందు ముప్పై ఏళ్లు తన కంచమూ అలాగే ఉండి ఉంటుంది. తెలిసీ చాయ్ అడిగింది. తెలియనివాళ్లకు తెలిసేలా చెబితే మారతారని ఎనిమిది నెలలు కూర్చుని గీశాను, ఎంత పిచ్చిదాన్ని! స్టవ్ మీద పొంగిన పాలు తుడుస్తుంటే, ఏడవాలో నవ్వాలో తెలియనంత కోపం వచ్చింది.

గురువారం ఆరింటికి వేడన్నం దించాను. పప్పు తాలింపు వేశాను. ఒక కంచం తీసి, మొదటి గరిటె అన్నం అందులో పెట్టుకుని, హాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆవకాయ కూడా వేసుకున్నాను. ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదు.

బెల్టు పెట్టుకుంటూ వచ్చిన మా ఆయన ఆగిపోయాడు. "గిదేంది, అందరికంటె ముందుగాల నువ్వే తింటున్నవ్?"

"దూరం నడవాలె."

"చౌరస్తా గీడనే గద."

"దిల్‌సుఖ్‌నగర్ పోతున్న."

"మరి వంట?"

"సకల జనుల సమ్మె గద. నేను గూడ జనమే. పని ఆపితెనే ఇలువ తెలుస్తదని మీరే చెప్పిన్రు."

ఆయన చేతిలో ఇప్పుడు మైకు లేదు. నేను మజ్జిగ పోసుకుని, ఆఖరి ముద్ద దాకా తిని, చెయ్యి కడుక్కున్నాను. "ఉల్లిగడ్డలు పొట్టు తీసి బకెట్ల పెట్టిన. గరిటె ఎట్ల పట్టుకోవాల్నో ఫ్రిజ్ మీద ఫోటో ఉన్నది, చూస్కోండ్రి," అన్నాను. కంచం తీయలేదు. మెతుకులు అంటుకుని, ఆవకాయ నూనెతో ఎర్రగా, హాలు మధ్యలో అలాగే వదిలేశాను. సౌజన్య ఆ కంచం వంక, నా వంక చూసింది.

చెప్పులేసుకుని మెట్లు దిగసాగాను. బస్సుల్లేవు. కొత్తపేట మీదుగా నాలుగు కిలోమీటర్లు. నడవడమే, ఇంకేం లేదు.

వెనక మా ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, చూసినవా? తినకుంట ఉరుకుతది రోజు, ఇయ్యాల ఏమైందే దీనికి? ఎటువోతున్నదే?" అంటే ఆయనకూ తెలుసన్నమాట. నా కాలు ఒక మెట్టు మీద ఆగింది, మళ్లీ దిగింది.

నేను గేటు తీస్తుంటే అత్తమ్మ మాట వినిపించింది.

"ఏమో బిడ్డా. తినే పోయింది."