మోకాలి పైన వెలుగు

నేను ఒక స్కానింగ్ యంత్రాన్ని. పెట్ స్కాన్ అంటారు. ఎక్కడో మంచు దేశంలో తయారయ్యాను. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి ఏడేళ్లు వాడుకుని, కొత్తది రాగానే నన్ను విశాఖపట్నంలోని ఈ ధర్మాసుపత్రికి పంపేసింది. అలసిపోయాను. చూడటం తప్ప నాకు వేరే పని లేదు. సూదితో ఎక్కించిన చక్కెర మందును ఒంట్లో ఏది ఆబగా తింటే అది నా తెర మీద వెలుగుతుంది. క్యాన్సర్‌ది పెద్ద ఆకలి. అందుకే నా దగ్గర వెలుగంటే అందరికీ భయం.

గవరమ్మకు పద్నాలుగేళ్లు. కబడ్డీ ఆడేది. మూడు నెలల కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఎడమ మోకాలి పైన ఎముక భగ్గున వెలిగింది. ఊపిరితిత్తులకు మాత్రం పాకలేదు. మందులు ఎక్కించారు. ఇప్పుడా వెలుగు తగ్గితే పాడైన ఎముక మార్చి కాలు నిలబెడతారు. తగ్గకపోతే కాలే తీసేస్తారు. ఈ సంగతి ఆ పిల్లకు తెలియదని పెద్దవాళ్ల నమ్మకం.

ఈసారి తొడంతా వెలిగింది. ఏది గడ్డో, ఏది కండరమో తేలలేదు. టెక్నీషియన్ విల్సన్ లోపలికి వచ్చాడు.

"సూది వేశాక గంటసేపు కదలొద్దన్నాను కదమ్మా. ఏం చేశావు?"

గవరమ్మ తన ఎడమ కాలి వైపు చూసుకుంది. తలుపు దగ్గర నుంచి తల్లి నరసమ్మ గద్దించింది. "సెప్పవే! ఏటి సేసినావు?"

"గోడకి కాలెట్టి తోసినాను. వందసార్లు. కాల్లో సత్తువుందని మిసను సూస్తాదని."

"ఓలమ్మో, మిసనుకాడ కబడ్డీ ఆడినావేటే!" నవ్వబోయిన నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మనుషులు నా ముందు పరీక్షకు కూర్చున్నట్టు పడుకుంటారు. మంచివాళ్లలా కనబడాలని చూస్తారు. నాకు తెలిసింది ఆకలి ఒక్కటే. అది రోగానిదో, బతకాలనుకునే కండరానిదో నాకు తెలియదు.

మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి విల్సన్, సూది వేశాక పడుకోబెట్టే మంచాన్ని గోడకు దూరంగా జరిపాడు. గవరమ్మ గంటసేపు పిడికిళ్లు కూడా బిగించలేదట. నా బల్ల మీదికి చేరింది. చూశాను. తొడ చీకటిగా ఉంది. మోకాలి పైన, అంత మంట ఉన్నచోట, బూడిద రంగు మరక మాత్రం మిగిలింది.

ఫలితం డాక్టరే చెప్పాలి. విల్సన్‌కు ఆ అధికారం లేదు. తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇప్పుడు కదపొచ్చాండీ?" అంది గవరమ్మ.

అతను మైకు నొక్కాడు. "కదుపమ్మా. ఆ కాలితో నీకింకా చాలా పనుంది."

వెంటనే మైకు ఆపేశాడు. నా బల్ల మీద దుప్పటి మార్చారు. బయట తర్వాతి పేరు పిలుస్తున్నారు.