చతుర్భుజుడైన దొర

గంగాధరరావుకు దైవం తరువాత అంతటి భక్తి పాత వ్యంగ్యచిత్రాల మీదనే. కుంఫిణీ నాటి దొరలను, దివానులను, జమీందారులను ఎగతాళి చేస్తూ వెనుకటి వారు రాతి అచ్చు మీద తీసిన బొమ్మ ఏ పాతకాగితాల కొట్టులో కంటబడినా అతని కాళ్ళు అక్కడే పాతుకుపోయేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో అతడు అద్దెకున్న ఇంట అలాంటి బొమ్మలు రెండు పెట్టెల నిండా ఉండేవి.

అది అరవై తొమ్మిదో సంవత్సరపు వేసవి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో నగరం అట్టుడుకుతున్నది. బడులు మూతపడడంతో భార్యాపిల్లలు సొంతూరు గుడివాడ వెళ్ళారు. ఇంట్లో అతడూ, అతన్ని పెంచి పెద్దచేసిన మేనత్త అండాలమ్మా మిగిలారు. వీధిలో ఆంధ్రావాళ్ళను “గో బ్యాక్” అనే కేక వినబడినప్పుడల్లా ఆమె పరుగున వెళ్ళి తలుపు గడియ వేసేది.

“ఒరే గంగాధరం, ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయి బెజవాడ బస్సెక్కుదాం పదరా. ఉద్యోగం పోతే పోయింది,” అని రోజూ ట్రంకుపెట్టె సర్దేది. అతడు బతిమాలి విప్పించేవాడు.

ఆ రోజుల్లోనే అతనికి అపురూపమైన బొమ్మ ఒకటి దొరికింది. అందులో పన్నులు వసూలు చేసే తెల్లదొర సాక్షాత్తు చతుర్భుజుడై ధాన్యపు బస్తా మీద పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. శంఖానికి బదులు జప్తు చాటించే బూర, చక్రానికి బదులు రైతు నుంచి లాక్కున్న బండిచక్రం, గదకు బదులు గుండ్రటి రూళ్ళకర్ర. పద్మం ఉండవలసిన నాలుగో చేయి ఖాళీగా, ఇంకా ఏమైనా ఇమ్మన్నట్టు చాచి ఉంది. తల వెనుక టోపీ అంచు తేజోవలయంలా గుండ్రంగా నిలిచింది. గంగాధరరావు దానిని కళ్ళకద్దుకుని, పటం కట్టమని బస్టాపు పక్కనున్న ఇస్సాకు దుకాణంలో ఇచ్చాడు.

ఇస్సాకు క్రైస్తవుడు. ఎవరి దేవుడైనా దేవుడేనని నమ్మినవాడు. నాలుగు చేతులు చూడగానే చేతులు కడుక్కున్నాడు. బంగారురంగు చట్రం వేసి, చుట్టూ తళుకు కాగితం అంటించి, దండ వేసుకోవడానికి మేకు కూడా కొట్టాడు. గంగాధరరావు ఆఫీసులో ఉన్న వేళ, చెప్పులు వీధిలోనే విడిచి, పటాన్ని తలమీద పెట్టుకుని వచ్చాడు.

“అమ్మా, మీ దేవుని తెచ్చిన. కింద పెట్టొద్దని గిట్ల మోసుకొచ్చిన. జర అందుకోండ్రి.”

కళ్ళలో శుక్లాలు ముదిరిన అండాలమ్మకు నాలుగు చేతులు, చక్రం, తలచుట్టూ వెలుగు మాత్రమే కనిపించాయి. “ఇంత భయంలో ఉన్నామని వేంకటేశ్వరుడే నడిచి వచ్చాడు!” అంటూ రెండు చేతులా అందుకుంది.

సాయంత్రం గంగాధరరావు ఇంటికి వచ్చేసరికి దొరగారు పూజామందిరంలో గంధం పూసుకుని, మల్లెదండ వేసుకుని, చక్రపొంగలి ఆరగిస్తున్నారు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా అండాలమ్మే అంది: “ట్రంకుపెట్టె అటక మీద పెట్టెయ్యరా. స్వామి ఉండగా మనకేం భయం?”

అతడు నోరు మూసుకున్నాడు. నిజం చెబితే అత్తయ్య ధైర్యం పోతుంది, కాపురం గుడివాడ పోతుంది. చెప్పకపోతే బొమ్మ పోతుంది. ఆమె రోజూ తడిగుడ్డతో పటం తుడిచేది, తీర్థం చిలకరించేది, కర్పూరం అద్దానికి ఆనించినంత దగ్గరగా తిప్పేది. చట్రం సందులోంచి ఒక్క నీటిబొట్టు దిగితే నూరేళ్ళనాటి కాగితం ఏమవుతుంది? అందుకని అతడు ప్రతి పూజకూ పక్కనే కూర్చుని, చిలకరించిన నీటిని ఎప్పటికప్పుడు ఉత్తరీయంతో అద్దేవాడు.

“ఎంత భక్తి కుదిరిందిరా నీకు!” అని ఆమె మురిసిపోయేది.

పూజ కాగానే పొంగలి గిన్నెతో వీధి మొగకు వెళ్ళేది. నినాదాలతో గొంతులు బొంగురుపోయిన విద్యార్థులు అక్కడ అరుగు మీద కూర్చునేవారు. మొదట బిడియపడినా, తరువాత వాళ్ళే ఎదురొచ్చేవారు. “అమ్మమ్మా, రేపు జర నెయ్యెక్కువెయ్యి!”

శుక్రవారం నాడు తాంబూలానికి ఇంటి యజమానురాలు రాములమ్మ వచ్చింది. దండమేకు వదులైందని కబురు పెడితే ఇస్సాకూ వచ్చి గుమ్మం దగ్గర నిలుచున్నాడు. రాములమ్మ చూపు పదునైనది. పటానికి దండం పెట్టబోయి ఆగిపోయింది.

“ఏందమ్మా, గీ దేవుడు బూట్లేసుకున్నడు?”

గంగాధరరావు ఉత్తరీయంతో పటం కింది అంచు కప్పబోయాడు.

“బూట్లేమిటే?” అంది అండాలమ్మ.

“అవ్, బూట్లే! లేసులు గూడ ఉన్నయి. మీసాలు జూడు, గా పాత తాసీల్దారు లెక్కున్నడు.”

అండాలమ్మ మేనల్లుడి వైపు తిరిగింది. “నిజం చెప్పరా.”

ఇక దాచడానికి దారి లేదు. అతడు తలవంచుకుని ఒక్కొక్క చేతిలోని వస్తువు పేరూ చెప్పాడు. బూర, బండిచక్రం, రూళ్ళకర్ర, చాచిన చేయి. అటక మీది ట్రంకుపెట్టె అప్పుడే కిందికి దిగుతున్నట్టు అతనికి తోచింది.

ముందు ఆమె భుజాలు కదిలాయి. తరువాత కడుపు పట్టుకుని నవ్వసాగింది.

“పన్నుల దొరకట్రా నేను నేతిపొంగలి పెట్టింది! చెయ్యి చాచాడంటే వరమిస్తున్నాడనుకున్నాను గదరా!”

“నాదే తప్పమ్మా,” అన్నాడు ఇస్సాకు బిక్కమొహంతో. “నాలుగు చేతులుంటే మీవోడే అనుకున్న.”

“పూజంతా వృథా అయిందేమో అత్తయ్యా,” అని నసిగాడు గంగాధరరావు.

“వృథా ఎందుకవుతుందిరా? నేను పిలిచింది వేంకటేశ్వరుణ్ణి. ఆయన వచ్చే ఉంటాడు. ఈ దొర పక్కన ఇన్నాళ్ళూ ఎలా ఇరుక్కుని కూర్చున్నాడో పాపం!”

అతడు మెల్లగా అడిగాడు. “మరి ఊరికి...?”

“ఊరికా? రేపు ఆ పిల్లలకు పొంగలి ఎవడు పెడతాడు? నెయ్యెక్కువ వెయ్యమన్నారు కూడా,” అంటూ ఆమె కొంగు బిగించింది. “ముందు ఈయనకు ఉద్వాసన చెప్పాలి. పూజలందుకున్న పటాన్ని ఊరికే తీసేయకూడదు.”

అక్షతలు వేసి, పటాన్ని ఉత్తరదిశగా కాస్త జరిపి, వచ్చిన చోటికి దయచేయమని మంత్రం చెప్పింది. ఇస్సాకు నవ్వు ఆపుకోలేకపోయాడు.

“మా పోరగాండ్లు మిమ్మల్ని గో బ్యాక్ అంటున్నరు, మీరేమో దొరను గో బ్యాక్ అంటున్నరు!”

గంగాధరరావు తన దొరను రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. వెళ్ళేవారిని ఒట్టి ‘పో’ అన్న మాటతో పంపకూడదు గనుక రాములమ్మ చేయెత్తి, “పొయ్యిరా దొరా!” అంది.

“రా అని ఎందుకే తల్లీ?” అంది అండాలమ్మ గాభరాగా. “ఆయన్ని పొమ్మను, చాలు.”