మొహమాటపు స్టార్లు

పెద్దమ్మ బాత్‌రూమ్ కొత్తగా చేయించుకుని ఆరు నెలలైనా కాలేదు, కింది వాటా ఆయన గొడుగు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. బయట ఎండ మాడిపోతోంది.

"మీరు స్నానం చేసినప్పుడల్లా నేనూ చేస్తున్నానమ్మా," అన్నాడు. "ఈ గొడుగు లేకుండా మా బాత్‌రూమ్‌లోకి వెళ్ళడం మానేశాం."

పెద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఎవరిచేతా ఒక మాట అనిపించుకోకుండా రిటైరైన మనిషి. సాయంత్రం పేచీ ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫా అంచున, పరాయి ఇంటికి వచ్చినదానిలా కూర్చుని ఉంది.

పేచీ ఆమె చెల్లెలి కూతురు. కాలేజీ రోజుల నుంచీ పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. అసలు పేరు కాగితాల మీద ఎక్కడో ఉంది గాని, పాలు తాగడానికి పేచీ, పడుకోవడానికి పేచీ, జడ వేయించుకోవడానికి పేచీ పెట్టిన పిల్లకి ఇంట్లో ఇంకో పేరు అతకలేదు. ఒకరోజు పెద్దమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి, "మా పేచీ ఉందా బాబూ?" అని అడిగిన దగ్గర్నుంచి అక్కడా అదే ఖాయమైపోయింది.

ఆ ఆఫీసులో తయారయ్యేది ఒక యాప్. ఇంటికి రంగులు వేయాలన్నా, గోడ కట్టాలన్నా, కుళాయి మార్చాలన్నా నమ్మకమైన పనివాణ్ణి వెతికిపెడుతుంది. అందులో ఏ పేజీ ఎలా ఉండాలో, ఏ మాట ఎక్కడ కనపడాలో గీసేది పేచీ.

"ఎవడు చేశాడు పెద్దమ్మా ఈ పని?"

"మీ యాప్‌లోంచి వచ్చినవాడేనే. ఐదు స్టార్లవాడు."

"నువ్వెన్ని ఇచ్చావు?"

పెద్దమ్మ చీర చెంగు సర్దుకుంది. "ఐదు."

"ఎలా ఇచ్చావు?"

"పనైన అరగంటకి ఫోన్‌లో వచ్చింది కదా, ఎన్ని ఇస్తారని. అతను ఎదురుగానే నిలబడ్డాడు. 'ఐదు నొక్కండమ్మా, పిల్లలు గలవాణ్ణి' అన్నాడు. నీళ్ళు బయటికి పోయే జాలీ వైపు వెళ్ళకుండా మూలకి పోతున్నాయని నాకు అప్పుడే అనిపించింది. కానీ మనిషి ముఖం చూస్తూ నాలుగెలా నొక్కమంటావే? ఏం బావుంటుంది?"

పేచీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఫోన్ తీసి యాప్‌లో ఒక్కొక్కళ్ళ పేజీ తిప్పింది. ఎవరిని చూసినా ఐదు, లేదంటే నాలుగున్నర. నమ్మకం అనుకుని ఊరందరికీ చూపిస్తున్నది ఉత్త మొహమాటం! కొత్త రంగు వాసన ఇంకా పోకముందే, పనివాడు గుమ్మంలో ఉండగానే, టీ ఇచ్చి సాగనంపే మర్యాదలో భాగంగా నొక్కిన స్టార్లు. వీటిని చూసుకుని ఇంకో పెద్దమ్మ ఇంకో బాత్‌రూమ్ అప్పజెబుతుంది.

వారం తిరిగేసరికి పేచీ కొత్త పేజీ ఒకటి గీసి ఆఫీసులో పెట్టింది. అందులో స్టార్లు లేవు. పనివాడికి ఒకే ఒక్క ప్రశ్న: మూడేళ్ళ కిందట మీరు పని చేసిన ఇంటికి మమ్మల్ని తీసుకెళ్తారా? తీసుకెళ్తేనే యాప్‌లో చోటు.

బాస్ చూశాడు. పేచీకంటే నాలుగేళ్ళే పెద్దవాడు, మంచివాడే, కాకపోతే అంకెలు కనపడకపోతే అన్నం సహించదు.

"ఇది పెడితే ఎంతమంది మిగులుతారు?"

"నిజమైనవాళ్ళు మిగులుతారు సార్."

"శుక్రవారం పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి ఖాళీ యాప్ చూపించమంటావా? సరే, ఒక పని చెయ్యి. మన ఐదు స్టార్లవాళ్ళలో పైనున్న నలభైమందిని తీసుకో. శుక్రవారం లోపల పదిమంది నిన్ను పాత ఇంటికి తీసుకెళ్తే నీ పేజీ ఉంటుంది. పదికి ఒక్కరు తగ్గినా తీసేస్తాను. ఇంక పేచీ పెట్టకూడదు."

"ఈలోపు పేజీల్లో నాకు కావలసిన మార్పులు చేసుకోవచ్చా?"

"శుక్రవారం దాకా అవన్నీ నీ ఇష్టం, పో."

అలా సోమవారం పొద్దున బయల్దేరింది. నలభైమందిలో పన్నెండుమంది ఫోనే ఎత్తలేదు. పాత ఇల్లు అనగానే ఇంకో తొమ్మిదిమందికి సిగ్నల్ సరిగ్గా అందడం మానేసింది. ఒక రంగులాయన దర్జాగా ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. తలుపు తీసిన ఆవిడ, "ఏం బావగారూ, ఈ వేళప్పుడు వచ్చారు?" అని నోరు జారింది. ఇంకో తాపీ మేస్త్రి వీధి మలుపు దాకా హుషారుగా నడిచాడు. అక్కడ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న పెద్దాయన ఇతన్ని చూసి, బట్టలు వదిలేసి చెప్పు కోసం వంగాడు. మేస్త్రి వెనక్కి తిరిగి నడిచిన నడకని నడక అనకూడదు. చెక్కపని చేసే ఒకాయన మాత్రం నిజం చెప్పాడు. "చేసిన ఇంటి వీధిలోంచి మళ్ళీ వెళ్ళనమ్మా నేను. దేనికొచ్చిన తంటా? చుట్టు తిరిగి పోతా."

బుధవారం మధ్యాహ్నానికి పేచీ లెక్కలో పాత ఇల్లు చూపించినవాళ్ళు నలుగురే. కాళ్ళు లాగుతుండగా ఇంటికొస్తే, పెద్దమ్మ తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగుతూ ఎదురైంది.

"కిందింట్లో స్నానానికి. మన బాత్‌రూమ్‌లోకి వెళ్ళనివ్వడం లేదు ఆ మేస్త్రి."

కింది వాటా ఆయన తెచ్చిపెట్టిన మేస్త్రి అతను. పాత టైల్సు పగలగొట్టి, కింద నీరు దిగకుండా పూత వేశాడు. ఇప్పుడు జాలీకి గుడ్డలు కుక్కి, గదినిండా చీలమండ లోతున నీళ్ళు నిలబెట్టాడు. నీళ్ళెంతవరకున్నాయో గోడ మీద పెన్సిలు గీత. మూడు రోజుల్లో నీళ్ళు ఆ గీత నుంచి గోరంత దిగినా పూత మళ్ళీ మొదటి నుంచి వేస్తానంటున్నాడు.

"టైల్సు వేసేస్తే రేపటికి అయిపోయేది కదా మేస్త్రీ గారూ?" అంది పేచీ.

"అయిపోయేది. ఎల్లుండి కిందాయన గొడుగు తెచ్చేవాడు."

పేచీ అతని పేరు యాప్‌లో వెతికింది. ఉన్నాడు. అట్టడుగున, రెండు స్టార్లతో. కింద జనం రాసిన మాటలు: మొండి మనిషి. మూడు రోజులు బాత్‌రూమ్ వాడనివ్వలేదు. చెప్పింది వినడు. నోరు పెద్దది.

"స్టార్లు ఇమ్మని మీరు అడగరా?"

"నేనెందుకడుగుతాను? ఇల్లు వాళ్ళది, నోరు వాళ్ళది."

"మూడేళ్ళ కిందట చేసిన ఇల్లేదైనా చూపిస్తారా?"

"ఏ వీధిలోది కావాలి?" అన్నాడతను.

మర్నాడు పొద్దున్నే నాలుగిళ్ళు తిప్పాడు. మొదటి ఇంటావిడ తలుపు తీస్తూనే మొదలుపెట్టింది. "మళ్ళీ వచ్చావా మహానుభావా! నిన్ను చూస్తే నా బీపీ పెరుగుతుంది." అంటూనే తలుపు బార్లా తీసింది. అతను చెప్పులు విడిచి సరాసరి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, గొంతుక్కూర్చుని, టైల్సు మీద వేళ్ళ కణుపులతో కొట్టి చూసుకున్నాడు. జాలీ చుట్టూ చూపుడు వేలు తిప్పి, పొడిగా ఉన్న ఆ వేలిని పేచీకి చూపించాడు.

"ఈయనకి ఎన్ని స్టార్లిచ్చారండీ?" పేచీ అడిగింది.

"రెండు. వారం రోజులు మా మావగారితో సహా అందరం పక్కింట్లో స్నానాలు. అరగంటలో ఫోన్ మోగితే, ఆ మంటలో రెండే ఎక్కువనిపించింది."

"ఇప్పుడైతే?"

"ఐదూ ఇద్దును. నాలుగేళ్ళు, ఒక్క చుక్క కిందకి దిగలేదు. మార్చుదామని చూశాను కూడా. వారం దాటితే మీ యాప్ మార్చనివ్వదట. ఎవరు పెట్టారో ఆ రూలు, బుర్ర అరువిచ్చి పెట్టుంటారు!"

పేచీ గబగబా చెప్పులేసుకుని బయటికి నడిచింది. మిగిలిన మూడిళ్ళలోనూ అదే తిట్టు, అదే తలుపు తీయడం, అదే పొడి వేలు. నాలుగో ఇంట్లో టీ తాగి వీధిలోకి వచ్చాక మేస్త్రి మాటల్లో మాటగా అన్నాడు.

"ఆ స్టార్ల గోల పెట్టినవాడెవడో గాని, నాలుగేళ్ళుగా నాకు యాప్‌లోంచి పని రాలేదమ్మా. చేతి పని నచ్చి ఒకళ్ళు ఒకళ్ళకి చెబితే బతుకుతున్నాను."

పేచీ ఆగిపోయింది. చెప్పకుండా నడవచ్చు. మాట మార్చచ్చు. అచ్చం ఆ ఐదు స్టార్లవాళ్ళలా చుట్టు తిరిగి పోవచ్చు.

"నేనే పెట్టాను మేస్త్రీ గారూ. అరగంటా నేనే పెట్టాను, వారం రూలూ నేనే పెట్టాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో. అందరూ చప్పట్లు కొట్టారు."

"అయితే మీ పని కారుతోందమ్మా," అన్నాడు మేస్త్రి, కుళాయి గురించి చెప్పినంత మామూలుగా.

"తిట్టండి నన్ను. అంటే పడతాను."

"తిడితే కారడం ఆగుతుందా ఏంటి?"

పేచీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో వచ్చిన నీళ్ళవి. తన పని బాగుందో లేదో ఒక్కసారైనా వెనక్కెళ్ళి చూసుకోని మనిషి, ఊరంతా తిరిగి జనాన్ని మీ పాత ఇల్లు చూపించమని నిలదీస్తోంది! ఆఫీసుకెళ్ళేదాకా ఆ సిగ్గు పోలేదు. వెళ్ళాక అది కోపమైంది, ఆ కోపంతో పని సులువైంది.

యాప్‌కి కోడ్ రాసే పక్క సీటావిణ్ణి పట్టుకుంది. కావలసిందేమిటో చెప్పింది. ఆవిడ పెన్ను కింద పెట్టి, "నా ఉద్యోగం పోతుందా?" అంది.

"శుక్రవారం దాకా నా ఇష్టమన్నారు. చేయించింది నేనని రాసుకో. పోతే నాదే పోతుంది."

శుక్రవారం పొద్దున పదిన్నరకి పెట్టుబడి పెట్టేవాళ్ళు ముగ్గురొచ్చి పెద్ద గదిలో కూర్చున్నారు. గోడ మీద తెర, తెర మీద యాప్‌లోని పనివాళ్ళందరి వరసలు, పైన ఐదు స్టార్ల నలభైమంది. బాస్ కొత్త చొక్కా వేసుకున్నాడు. నవ్వుతూ పేచీని లోపలికి పిలిచాడు.

"మా డిజైనర్‌కీ నాకూ చిన్న పందెం. చెప్పు, ఎంతమంది తీసుకెళ్ళారు పాత ఇళ్ళకి?"

"నలుగురు సార్."

"నలభైలో నలుగురు. పది కావాలన్నాను. ఒప్పుకుంటావా?"

"పందెం ఓడిపోయాను, ఒప్పుకుంటాను. నా పేజీ తీసేయండి," అంది పేచీ. బాస్ చేత్తో సరే అని, వచ్చినవాళ్ళ వైపు తిరగబోయాడు. ఆమె కదల్లేదు. "కానీ మిగతా ముప్ఫై ఆరుగురూ చేసిన పనిని చూపించడానికి జంకారు. వాళ్ళకి ఐదేసి స్టార్లు పెట్టించింది నేను. పనైన అరగంటకి, పనివాడు ఎదురుగా ఉండగా అడిగించాను. వారం తర్వాత మార్చడానికి వీల్లేకుండా చేశాను. అది తప్పుడు పని. దాన్ని ఈ పొద్దున బాగుచేశాను. ఏడాది దాటిన ప్రతి పనికీ ఇంటివాళ్ళకి కబురెళ్ళింది. మీ పని ఇప్పుడెలా ఉంది, కావాలంటే స్టార్లు మార్చుకోండి అని. ఏడాది నిండకపోయినా పాడైన పని మా ఇంట్లోనే ఒకటుంది, దానికీ పంపాను."

"ఎప్పుడెళ్ళింది?" బాస్ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గాని, లోపల మనిషి లేడు.

"పది గంటలకి."

అందరూ తెర వైపు చూశారు. మొదటి వరసలో ఐదు ఉన్నచోట నాలుగుంది. చూస్తుండగా మూడున్నరైంది. బాల్కనీ పెద్దాయన్ని చూసి వెనక్కి తిరిగిన తాపీ మేస్త్రి రెండు దగ్గర కాసేపాగి, ఒకటికి దిగాడు. రంగులాయనకి మాత్రం మరదలింటి ఐదు అలాగే నిలిచింది. ముగ్గురిలో నెరిసిన జుట్టావిడ కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆపు," అన్నాడు బాస్ గొంతు తగ్గించి.

"నేను ఆపను సార్."

"ఆపమంటున్నాను!"

"ఆపే మీట మీ ముందున్న ల్యాప్‌టాప్‌లోనే ఉంది. వీళ్ళు చూస్తుండగా మీ చేత్తో నొక్కండి. జనం చెబుతున్నది నిజం, మాకొద్దు అని చెప్పి నొక్కండి."

బాస్ చెయ్యి మీట దాకా వెళ్ళింది. అక్కడే ఉంది. వచ్చినవాళ్ళెవరూ నొక్కమనలేదు, వద్దనలేదు. ఆ నెరిసిన జుట్టావిడ మాత్రం తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "అట్టడుగున ఆ మేస్త్రి ఎవరు? పైకొస్తున్నాడు," అంది.

ఉద్యోగం ఉంటుందో లేదో పేచీకి తెలియదు. ఉండదనే అనిపించింది. భయం వేసింది కూడా. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి, తను చేసిన పని ముందు తల ఎత్తుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తీసి బయటి వసారాలోకి నడిచింది.

"ఏమే, నాకేదో వచ్చింది మీ యాప్ నుంచి," అంది పెద్దమ్మ. "ఒకటి నొక్కాను."

"మంచి పని చేశావు."

"ఊరికే కాదే. ముందు అతనికి ఫోన్ చేశాను. 'బాబూ, నువ్వు చేసిన పని కారుతోంది, నీకు ఒకటే ఇస్తున్నాను' అని చెప్పి, ఫోన్ పెట్టేయకుండా, అతను వింటుండగానే నొక్కాను. జన్మలో ఎవర్నీ అంత మాట అనలేదు."

"అతనేమన్నాడు?"

"మొహమాటం లేదా అమ్మా మీకు, అన్నాడు. లేదు నాయనా, అన్నాను."

వెనక తలుపు తెరుచుకుంది. బాస్ వచ్చి నిలబడ్డాడు, ముఖం ఎర్రగా ఉంది, ఏదో అనడానికి నోరు తెరిచాడు. పేచీ అతని వైపు తిరిగి, అరచెయ్యి ఎత్తి చూపించింది.

"ఒక్క నిమిషం ఆగండి సార్, మా పెద్దమ్మతో మాట్లాడుతున్నాను."