పిల్లి కాటుకు జిగురు పట్టీ

పుస్తకాలు కుట్టే బైండరు దుకాణంలో మందుల పెట్టె అనేది ఏనాడూ లేదు. అవసరమేముంది? మైదా ఉడికించిన జిగురు గిన్నె నిండా ఉంటుంది, పల్చటి కాగితం ముక్కలు బల్ల నిండా ఉంటాయి. కత్తికి వేలు తెగినా, సూది గుచ్చుకున్నా కాస్త జిగురు పూసి, మీద కాగితం పట్టీ అంటించి, ఆరగానే మళ్ళీ పనిలో పడటమే. ముప్పై ఏళ్ళుగా చిరిగిన పుస్తకాలకూ తనకూ ఒకటే వైద్యం. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది. దానికెవరైనా వంక పెడితే ఆయనకు ఎక్కడలేని కోపమూ వచ్చేది.

ఆ నమ్మకంతోనే మంగళవారం మధ్యాహ్నం పిల్లి కరిచినప్పుడూ అదే పని చేశాడు.

తప్పు పిల్లిది కాదు, ముందే చెప్పేస్తున్నాను. ఏ పనీ చేయకుండా అందరి పనీ చూస్తూ కూర్చుంటుంది గనక దానికి సూపర్‌వైజరని పేరు. జిగురు వాసనకు వచ్చే ఎలుకల సంగతి చూస్తుంది, మిగతా సమయమంతా కొత్త అట్టల మీద నిద్రపోతుంది. ఆ రోజు పుస్తకాల దొంతరను చెక్క ప్రెస్సులో పెట్టి మర బిగిస్తూ, ఈ మహానుభావుడు పలకల మధ్య దాని తోక ఉందని చూసుకోలేదు. అది కెవ్వుమంది. ఈయన కంగారుగా చేయి పెట్టాడు. కుడిచేతి బొటనవేలి కింద కండలో కోరలు రెండూ దిగబడ్డాయి. రక్తం కూడా పెద్దగా రాలేదు, రెండు చుక్కలు. జిగురు, కాగితం, అయిపోయింది.

భార్యకు మాత్రం చెప్పలేదు. పిల్లి గడప తొక్కిన రోజే ఆవిడ తేల్చి చెప్పేసింది మరి. "ఎలుకల్ని పట్టుకుంటే పట్టుకోనివ్వండి. ఇంట్లో ఎవరికైనా దాని పన్ను తగిలిందా, ఆ రోజే బుట్టలో పెట్టి సాగనంపుతాను. తర్వాత నన్ననొద్దు." ఆవిడ అన్నదంటే అన్నట్టే. బైండరుకేమో సూపర్‌వైజరంటే ప్రాణం. రోజంతా ఒక్కడే కూర్చుని కుట్టుకునే పనిలో ఆయన కబుర్లు వినేది అదొక్కటే. అది లేకపోతే దుకాణం తలుపు తీయబుద్ధి కూడా కాదు ఆయనకు.

సాయంత్రానికి వేలు సలపడం మొదలెట్టింది. తెల్లారేసరికి చేయంతా పొంగిపోయింది. ఎడమచేత్తో టీ తాగుతుంటే భార్య చూడనే చూసింది.

"కుడిచేతికేమైంది?"

"ఏం లేదే. సూది గుచ్చుకుంది."

"సూది గుచ్చుకుంటే మణికట్టు దాకా ఎర్రబడుతుందా? నా చెవిలో పూలు పెట్టకండి. లేవండి, డాక్టరు దగ్గరికి పోదాం."

డాక్టరమ్మ పట్టీ తీయబోతే అది ఒక పట్టాన రాలేదు. అంత గట్టి జిగురు మరి! తడిపి తడిపి ఊడదీశాక కింద నుంచి చీము వచ్చింది. కడిగాక పక్కపక్కనే రెండు చిల్లులు కనిపించాయి.

"ఇది సూది కాదండీ. పిల్లా?"

ఆయన గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

"నిజం చెప్తేనే సరైన మందు రాయగలను."

"పిల్లే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

భార్య డాక్టరమ్మ వైపే చూస్తూ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు కాస్త ధైర్యంగా ఉండేది.

"నిక్షేపంలా ఉన్న పిల్లి నోట్లో కూడా బ్యాక్టీరియా ఉంటుంది," అంది డాక్టరమ్మ. "దానికేమీ కాదు, మనకే చిక్కు. సన్నటి కోర లోతుగా దిగి వాటిని అడుగున వదిలేస్తుంది. వెంటనే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడుక్కుని ఇక్కడికొచ్చేస్తే ఇంత దూరం వచ్చేది కాదు. మీరేమో వాటిని లోపల పెట్టి తలుపేశారు. ఇంకో రెండ్రోజులు ఆగి ఉంటే వేలి కీలు దాకా పోయేది. ఇంతకీ దానికి టీకాలు వేయించారా?"

మొగుడూ పెళ్ళాలు ముఖముఖాలు చూసుకున్నారు. అంతే, సూది మందుల మీద సూది మందులు, చేతి నిండా మాత్రలు. రేబిస్ జాడలేమైనా కనిపిస్తాయేమోనని పిల్లిని పది రోజులు ఇల్లు కదలనివ్వకుండా కనిపెట్టి చూడమంది డాక్టరమ్మ.

"పది రోజులే కదా?" అని అడిగింది భార్య.

పదకొండో రోజు ఇక బుట్టే అనుకున్నాడు బైండరు.

ఆ పది రోజులూ ఆవిడే రోజూ చేయి కడిగి కట్టు మార్చింది, వేళకు మాత్రలు మింగించింది. పిల్లి ఊసు మాత్రం ఎత్తలేదు. వాపు తగ్గుతున్నకొద్దీ ఈయనకు దిగులు పెరిగింది. చేయి ఇంకొన్నాళ్ళు మానకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు, అంత పిచ్చి మనిషి.

పదకొండో రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి పిల్లి లేదు, బుట్ట లేదు, భార్య లేదు. బైండరు దుకాణంలోకి వెళ్ళి ఖాళీ అట్టల ముందు కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. చూసేవాళ్ళు ఎవరున్నారు గనక?

రెండు గంటల తర్వాత భార్య వచ్చి బుట్టను బల్ల మీద పెట్టింది. లోపల నుంచి సూపర్‌వైజరు మహా కోపంగా అరుస్తోంది.

"ఎక్కడికెళ్ళావే?"

"పశువుల డాక్టరు దగ్గరికి. టీకా వేయించాను, గోళ్ళు తీయించాను, తోక చూపించాను. ఎముక బాగానే ఉందట."

"తోక సంగతి నీకెలా తెలుసు?"

"ప్రెస్సు పలకకు అంటుకున్న వెంట్రుకలు తుడిచింది ఎవరనుకున్నారు?"

"మరి సాగనంపుతానన్నావుగా?"

"అన్నాను. అంటే చేయి కుళ్ళిపోతున్నా నోరు విప్పరా? ఇన్నేళ్ళు కాపురం చేసి, నాకు భయపడి కాగితం ముక్క కింద దాచుకుంటారా? నాకెంత కష్టమేసిందో తెలుసా?" ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆయన బుట్ట పక్కన ఆవిడ పెట్టిన పిల్లి టీకా కార్డు చేతిలోకి తీసుకున్నాడు. యజమాని అన్నచోట ఆవిడ పేరుంది.

"ఇదేంటే? పిల్లి నాది కదా!"

"నిన్నటిదాకా. ఇప్పుడు నాది. నా పిల్లిని నేనెక్కడికి పంపిస్తాను?" అంటూ ఆవిడ బుట్ట మూత తీసింది. "ఇంకోసారి కరిచిందనుకోండి, నేరుగా దాని యజమాని దగ్గరికొచ్చి చెప్పండి. తిట్టకుండా వింటుంది."