ఎవరినీ గుర్తుపట్టడు

ప్లీడరు ఇచ్చిన దరఖాస్తులో పన్నెండు ప్రశ్నలున్నాయి. పదకొండింటికి నేను అబద్ధాలు రాశాను. పన్నెండోది నా చిరునామా.

నాకు బస్టాండు వెనక సందులో ఒక్క కుర్చీ సెలూను ఉంది. మా అన్నకు నలభై మూడేళ్లు. పుట్టుకలోనే మెదడు దెబ్బతింది. నడవడు, మాట్లాడడు, ముద్ద కలిపి నోట్లో పెట్టాలి, పక్క మార్చాలి. అవన్నీ ఇన్నేళ్లూ అమ్మే చూసింది. నా వంతల్లా రోజు విడిచి రోజు గడ్డం గీయడం. ఆ పాటి దానికే వీధిలో అందరూ "వాడికి అన్నంటే ప్రాణం" అనేవాళ్లు. నేనూ కాదనేవాణ్ని కాదు. ఊరికే వచ్చిన మంచిపేరు ఎవరికి చేదు?

అమ్మకు గుండె ఆపరేషను తప్పదని డాక్టరు తేల్చాక, నా దగ్గరే క్రాపు చేయించుకునే ప్లీడరును అడిగాను. ఆయన మెడకు గుడ్డ కట్టించుకుని, అద్దంలో నన్ను చూస్తూ చెప్పాడు.

"మీ అన్న మేజరు కదయ్యా. అమ్మ ఉంది, తమ్ముడున్నాడు అంటే చట్టానికి సరిపోదు. ఆయన తరఫున సంతకం పెట్టాలంటే కోర్టు గార్డియన్‌ను వెయ్యాలి. మీ అమ్మ ఉండగానే ఆ పని చూసుకో. మీ నాన్న పెన్షను ఆవిడ తరవాత మీ అన్నకు వచ్చేట్టు పేరు కూడా ఎక్కించు. పెద్దావిడకు ఏమన్నా అయ్యాక మొదలుపెడితే ఏళ్లు పడుతుంది."

"అన్నిటికీ నా సంతకం చెల్లుతుందా సార్?"

"రెండు రకాలుంటుంది. పరిమితంగా ఇస్తే, ఆయనకు తెలిసిన విషయాలు ఆయన్నే అడగాలి. ఆస్తి మీద చెయ్యి వెయ్యాలంటే ప్రతిసారీ కోర్టును అడగాలి. పూర్తిగా ఇస్తే అన్నీ నువ్వే. కాకపోతే అది బొత్తిగా ఏమీ తెలియని మనిషి విషయంలోనే ఇస్తారు."

"మా అన్నకేం తెలుసు సార్," అన్నాను.

ఎందుకలా అన్నానో చెప్పకపోతే ఈ కథ రాసి లాభం లేదు. నాన్న ఇంటి ముందుగది అన్న పేర రాసి పోయాడు. అది వీధి మీదికి ఉంటుంది. సెలూను అక్కడికి మారిస్తే రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం పడతాయి. టేపుతో కొలిచి రెండేళ్లయింది. అన్న మంచం వెనక గదిలోకి జరిపితే సరి అనుకున్నాను. వెనక గదికి కిటికీ లేదు. అదీ నాకు తెలుసు.

ఆ రాత్రే దరఖాస్తు నింపాను. మాటలు అర్థమవుతాయా? కావు. ఇష్టాయిష్టాలున్నాయా? ఏమీ లేవు. దరఖాస్తుదారును గుర్తుపడతాడా? ఎవరినీ గుర్తుపట్టడు. అమ్మకు చదువు రాదు. "ఏం రాశావురా?" అంటే "మామూలేనమ్మా" అని వేలిముద్ర వేయించాను.

కోర్టు తరఫున ఇంటికి విచారణకు వచ్చే ఆఫీసరమ్మ పదకొండింటికి వస్తానని కబురు చేసింది. ఆమె వచ్చేసరికి అన్న మాసిన గడ్డంతో ఉంటే నా పనితనానికే మాట. పదింటికి దిళ్లు పెట్టి కూర్చోబెట్టి, మొహానికి నురగ పట్టించాను. ఆవిడ పదిన్నరకే దిగింది.

"కానివ్వండి, నేను కూర్చుంటాను," అని ఫైలు ఒళ్లో పెట్టుకుంది.

సగం గీసిన గడ్డం ఆపడం మా వృత్తిలో లేదు. మామూలుగానే ఎడమ బుగ్గ మీద వేలు ఆనించి "ఊఁ" అన్నాను. అన్న బుగ్గ పూరించాడు. కుడివైపు "ఊఁ" అన్నాను. కుడి బుగ్గ పూరించాడు. ముక్కు కిందికి కత్తి వచ్చేసరికి చెప్పకుండానే పై పెదవి కిందికి లాగి పట్టాడు. వెనక ఆవిడ కలం చప్పుడు ఆగిపోయింది.

"బుగ్గ పూరించమని ఆయనకెవరు చెప్పారు?"

"అలవాటండీ," అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది నాకే అతకలేదు.

ఆవిడ లేచి వచ్చి తనే బుగ్గ మీద వేలు ఆనించి "ఊఁ" అంది. అన్న పెదవులు బిగించేశాడు. ఆవిడ వంక ఒకసారి చూసి, మొహం నా వైపు తిప్పి, మెడ గీయడానికి గడ్డం పైకెత్తాడు.

ఆవిడ దరఖాస్తు నా చేతికిచ్చింది. "ఎవరి గురించి రాశారో ఆ మనిషి ఎదుట, రాసినవాళ్లే పైకి చదవాలి. రూలు. అమ్మను కూడా పిలవండి."

నా కుర్చీలో కూర్చున్నవాడు ఎంతటివాడైనా తల వంచాల్సిందే. ఆ రోజు నా వంతు వచ్చింది. మాటలు అర్థం కావు అని చదివాను. అన్న గడ్డం పైకెత్తే ఉన్నాడు. ఇష్టాయిష్టాలు ఏమీ లేవు అని చదివాను. తర్వాతి వాక్యం దగ్గర కాగితం మీంచి తలెత్తి ఆవిడ వంక చూశాను. ఆవిడ తొందరపెట్టలేదు, వదిలిపెట్టనూ లేదు. ఎవరినీ గుర్తుపట్టడు అని చదివేశాను. నా గొంతు వినబడుతున్నందుకు అన్న నవ్వుతున్నాడు. నేల చీలితే దిగిపోదును.

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది.

"ఎవరినీ గుర్తుపట్టడా? ఒరే, సాయంత్రం నువ్వు సందు మలుపులో దగ్గితే చాలు, వాడు ముద్ద మింగడం ఆపేస్తాడు. నువ్వు లోపలికొచ్చేదాకా బుగ్గనే పెట్టుకుంటాడు. నేను వాణ్ని తిట్టేది దానికేరా. ఇన్నేళ్లలో ఎందుకు తిడుతున్నావని నువ్వు ఒక్కరోజు అడిగావా?"

అడగలేదు. వాడికి మొండి, ఈవిడకు చాదస్తం అనుకుని చేతులు కడుక్కోవడానికి పోయేవాణ్ని.

ఆఫీసరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఈయన్ని ఇంతగా చెరిపెయ్యక్కర్లేదండీ. పరిమిత గార్డియన్‌షిప్ ఇలాంటివాళ్ల కోసమే. మీకొస్తుంది కూడా. తప్పులు కొట్టేసి, పక్కన నిజం రాసి సంతకం చెయ్యండి."

కొట్టెయ్యడం తేలికే అయింది. రాద్దామంటే నాకు బుగ్గలూ గడ్డమూ తప్ప ఏం తెలుసు? ఒక్కొక్కటీ అమ్మను అడిగి రాశాను. వేడి నీళ్లంటే ఇష్టం. ప్రెషర్ కుక్కరు కూతంటే భయం. దీపం ఆర్పేముందు చెప్పి ఆర్పాలి. పగలంతా కిటికీలోంచి వీధి చూస్తాడు, మంచం అక్కణ్నుంచి జరిపితే ఏడుస్తాడు. ఆ చివరిది చెబుతున్నప్పుడు అమ్మ నా మొహంలోకి చూసింది. టేపు పెట్టి కొలిచినప్పుడు ఆవిడ ఇంట్లోనే ఉంది మరి.

"కోర్టు ఇచ్చాక ఏడాదికోసారి మా మనిషి వచ్చి ఈయన ఎలా ఉన్నారో చూసి వెళ్తారు," అంది ఆఫీసరమ్మ ఫైలు సర్దుకుంటూ.

"రెండుసార్లు రమ్మనండమ్మా," అంది అమ్మ. "బుధవారం నాకు ఆపరేషను. వీడున్నాడు కదా, బల్ల మీద ధైర్యంగా పడుకుందామనుకున్నాను."

ఆఫీసరమ్మ నా వంక చూసింది. "అలా కోరొచ్చు. మీకు అభ్యంతరం లేకపోతే అదీ రాయండి."

కలం తీసుకుని, అందరికీ కనబడేలా, రెండుసార్లు అని నా చేత్తోనే రాశాను.