ఆదివారం చేపలు

ఏలూరు మహానగరమేమీ కాదు గానీ, ఒకటో తారీకు వచ్చేసరికి కెజియాకు అలాగే అనిపిస్తుంది. ఆమె ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. భర్త ఎడ్విన్ ఫర్నిచర్ షోరూములో సేల్స్‌మన్. అద్దె, కూతురు బిందు ఇంటర్ ఫీజు, బండి వాయిదా పోను, నెలాఖరుకు వంకాయలు కొనడానికి కూడా వెనకాముందూ ఆడాల్సి వచ్చేది. అలాంటి రోజుల్లో ఇంటి ఓనరు ఫోన్ చేసి, పై నెల నుంచి అద్దె పెంచుతున్నానన్నాడు.

"మా షోరూములో ఒకాయన్ని అడుగుతాలే. చేబదులిస్తాడు," అన్నాడు ఎడ్విన్.

"అద్దె ప్రతి నెలా ఉంటుందండీ. ప్రతి నెలా చేబదులు తెస్తారా?"

"మరేం చేద్దామంటావు? కేబుల్ తీసేశాం, నీళ్ల క్యాను మానేశాం. ఇంకేం తగ్గిస్తాం?"

"తగ్గించేవి అయిపోయాయి. ఇక రాబడి పెంచాలి," అంది కెజియా.

అనైతే అంది గానీ, ఎలాగో ఆమెకూ తెలీదు. దారి ఆ వారమే దొరికింది. బజారులో కొన్న చేప నీచు కంపు కొడితే పారేశానని, కింది వాటాలో ఉండే సీతారత్నం మెట్ల దగ్గర వాపోయింది. "ఆమధ్య మీ అన్నయ్యగారు పంపితే మాకూ ఇచ్చావే, ఆ చేప రుచి ఇంకా నోట్లోనే ఉందమ్మా. డబ్బులిస్తాం, మాక్కూడా తెప్పించకూడదూ?"

కెజియా పుట్టిల్లు కలిదిండి. అన్న క్రీస్తుదాసు అక్కడ చేపల చెరువుల దగ్గర గుమాస్తా. ఫోన్లో సంగతి చెప్పగానే అతను నొచ్చుకున్నాడు.

"టీచరమ్మవి, నువ్వు చేపలమ్మడమేంటే?"

"అమ్మ గంప నెత్తిన పెట్టుకుని తిరిగితేనే కదా అన్నయ్యా, నేను టీచరునయ్యాను."

అమ్మ మాట ఎత్తేసరికి అతను మెత్తబడ్డాడు. తరవాత, "ఆదివారం తెల్లారేసరికి ఏలూరొచ్చే ఆటోలో ఓ పెట్టె వేయిస్తాను. డబ్బులు మాత్రం మా ఓనరుకు ఏ రోజుకారోజు పంపెయ్యాలి," అన్నాడు.

ఎడ్విన్‌కు ఇది మింగుడు పడలేదు. "షోరూముకొచ్చేదంతా ఈ చుట్టుపక్కల వాళ్లే. నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని, ఆ ఆదివారం పెట్టె రాకముందే స్నానం చేసి చర్చికి వెళ్లిపోయాడు.

తీరా పెట్టె వచ్చాక, ముందు కావాలని చెప్పిన ఇరుగుపొరుగు వాళ్లలో ఇద్దరు వద్దన్నారు. చేపలు మిగిలిపోయాయి. ఐసు కరిగిపోతోంది. కెజియా సంచి పట్టుకుని వెనక వీధిలో తలుపులు తట్టడం మొదలుపెట్టింది. ఒక తలుపు తీసినావిడ ఆమె దగ్గర చదివే పిల్ల తల్లి.

"మీరా మేడమ్!"

కెజియా సంచి వెనక్కి దాచుకోబోయింది. అంతలోనే తేరుకుంది. "నేనేనండీ. శీలావతి చేప తెచ్చాను. ఇవాళే చెరువులోంచి తీశారు, చూడండి," అని ఎర్రటి మొప్పలు విప్పి చూపించింది. ఆవిడ బేరమాడకుండానే తీసుకుంది గానీ, సోమవారం మధ్యాహ్నానికల్లా కబురు స్కూలుకు చేరింది.

కరస్పాండెంట్ నిత్యానందం గారు గొంతు పెంచే మనిషి కాదు.

"కూర్చోండి మేడమ్. ఆదివారాలు మీరేదో వ్యాపారం చేస్తున్నారట..."

"చేపలమ్ముతున్నానండీ."

"అదేనండీ. స్కూలు పరువు కూడా చూసుకోవాలి కదా. రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోండి."

ఈ ఉద్యోగం పోతే ఇల్లు మొత్తం కుదేలవుతుంది. అది తెలిసే ఆమె నోరు విప్పింది. "స్కూలు టైములో చేస్తే తప్పండీ. ఆదివారం నా ఇంటి కోసం నేను కష్టపడితే స్కూలు పరువెందుకు పోతుందండీ? మీరు జీతం పెంచుతానంటే రేపే మానేస్తాను. లేదూ, తీసేస్తానంటే కారణం కాగితం మీద రాసివ్వండి."

ఆయన జీతం పెంచలేదు, తీసెయ్యనూ లేదు. మర్నాటి నుంచి పదో తరగతి ఆమె దగ్గర్నుంచి తప్పించి, ఐదో తరగతికి మార్చాడు. పదో తరగతికి పాఠం చెప్పడమంటే కెజియాకు ప్రాణం. స్టాఫ్ రూములో మంచినీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, ఐదో తరగతిలోకి నడిచింది. పై ఆదివారం చేపల పెట్టె మామూలుగానే వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది.

ముసురు పట్టిన ఓ ఆదివారం ఆటో అతను ఫోన్ చేశాడు. వీధిలో నీళ్లు నిలిచాయని, పెట్టె సెంటర్లోనే దింపేస్తానని చెప్పాడు. కెజియా చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది. చర్చికని తెల్లచొక్కా వేసుకున్న ఎడ్విన్ పైనుంచి చూశాడు. పది అడుగులు వెయ్యకముందే ఆమె వెనక బండి చప్పుడైంది.

"ఎక్కు. పెట్టె మధ్యలో పెడదాం," అన్నాడు అటెటో చూస్తూ.

తిరిగి వస్తుంటే టీకొట్టు చూరు కింద నిలబడ్డ పెద్దమనిషి చెయ్యూపాడు. కిందటి వారమే షోరూములో దివాన్ కాట్ కొన్నాడాయన.

"ఏంటి ఎడ్విన్ గారూ, వానలో ఈ పెట్టేంటండీ?"

ఎడ్విన్ బండి ఆపి, మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "మా ఆవిడది చేపల వ్యాపారమండీ. కొల్లేరు వైపు చెరువు చేప. పై ఆదివారం మీకూ ఓ రెండు కేజీలు తెమ్మంటారా?"

"తెండి, తెండి. శుభ్రం చేసిస్తారా?"

"చేసిస్తామండీ," అన్నాడు ఎడ్విన్, భార్యను అడక్కుండానే.

చేపలన్నీ ఇచ్చి చర్చికి చేరేసరికి ప్రసంగం సగమైంది. చింతపండుతో రుద్దినా కెజియా చేతుల వాసన పోలేదు. ఇద్దరూ వెనక వరసలో కూర్చున్నారు.

పదో తరగతి ఆ ఏడాదికి ఆమె దగ్గరకు తిరిగి రాలేదు. అద్దె మాత్రం చేబదులు లేకుండానే, ఒకటో తారీకు కెజియా ఓనరు చేతిలో పెట్టింది. "ఇక రెండేళ్లు పెంచకూడదండీ," అంది.

"చూద్దాంలేమ్మా."

"చూద్దాం కాదండీ. మాటివ్వండి," అంటూ ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆయన సరేననేదాకా కదల్లేదు.